‘వచ్చింది’కీ ‘చేశాను’కీ మధ్య

గ్లాసు పగిలింది. గ్లాసు పగలగొట్టాను. రెండు వాక్యాల్లోనూ నేలమీద ఉన్నవి అవే గాజుముక్కలు. అయినా మొదటి మాట అన్నవాణ్ని ‘ఎలా?’ అని అడుగుతాం, రెండో మాట అన్నవాణ్ని ‘ఎందుకు?’ అని అడుగుతాం. తెలుగులో ఇలాంటి జంటలు లెక్కలేనన్ని: ఊగింది, ఊపాను, విరిగింది, విరిచాను, పడింది, పడేశాను. వీటికంటే లోతైన జంట ఇంకొకటుంది. ‘నాకు కోపం వచ్చింది, తిట్టాను’ అంటాం. కోపం వస్తుంది, ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది, కోరిక కలుగుతుంది. వీటిలో దేనికీ నేను కర్తను కాను. ‘నాకు’ అంటూ పక్కన నిలబడతాను. తిట్టడం దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘నేను’ ముందుకు రావలసిందే.

స్వేచ్ఛాసంకల్పం (ఫ్రీ విల్) మీద జరిగే వాదాల్లో ఈ తేడా తరచూ మాయమవుతుంది. ‘మీరు నిర్ణయించుకున్నాం అనుకునేలోపే మీ మెదడు నిర్ణయించేసింది, సైన్సు రుజువు చేసింది’ అనే మాట ఇప్పుడు ఎటు చూసినా వినిపిస్తోంది. ఆ రుజువు చెప్పుకున్నంత గట్టిది కాదు. అలాగని ఏ కారణానికీ లొంగని ఆత్మ ఒకటి లోపల కూర్చుని మనల్ని నడుపుతోందనీ నేను అనను. అలాంటి స్వేచ్ఛ లేదు, ఉండే వీలు కూడా లేదు. నేను నమ్మేది ఇది: స్వేచ్ఛ ఒక సామర్థ్యం. చూపులాంటిది, జ్ఞాపకశక్తిలాంటిది. దానికి భాగాలున్నాయి, మోతాదు ఉంది, అది చెడుతుంది, కొన్నిసార్లు బాగవుతుంది. మనుషులకు చూపు ఉందా లేదా అని ఎవరూ గుండుగుత్తగా అడగరు. ఎవరికి, ఎంత, ఏ వెలుతురులో అని అడుగుతారు.

లిబెట్ గడియారం

ముందు ఆ ‘రుజువు’కు మూలమైన ప్రసిద్ధ ప్రయోగాన్ని విడమర్చి చూడాలి. దాన్ని ఉటంకించేవాళ్లు అనేకమంది, అది ఎలా జరిగిందో చెప్పేవాళ్లు తక్కువ.

1965లో జర్మనీలో కోర్న్‌హ్యూబర్, డీకే అనే శాస్త్రవేత్తలు ఒక సంగతి ప్రచురించారు. మనిషి తనంతట తాను వేలు కదిపేముందు, దాదాపు సెకను ముందునుంచే, నడినెత్తి దగ్గర పెట్టిన ఎలక్ట్రోడు కింద విద్యుత్తు మెల్లగా రుణదిశకు జారుతుంది. దాన్ని రెడీనెస్ పొటెన్షియల్ అన్నారు. మనం సన్నాహక తరంగం అనుకుందాం. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బెంజమిన్ లిబెట్ బృందం దీనికి ఒక గడియారం జోడించింది. తెరమీద ఒక కాంతిచుక్క గుండ్రంగా తిరుగుతుంది, ఒక చుట్టుకు 2.56 సెకన్లు. చుట్టూ మామూలు గడియారంలాగే గుర్తులుంటాయి. కాబట్టి ఒక ‘సెకను’ గీత అంటే అసలు కాలంలో 43 మిల్లీసెకన్లు. కూర్చున్న వ్యక్తి ఒక చుట్టు ఆగి, ఆ తర్వాత తనకు అనిపించినప్పుడు మణికట్టును గాని వేళ్లను గాని చటుక్కున కదపాలి. ముందుగా ముహూర్తం పెట్టుకోకూడదు. కదపాలన్న కోరిక మొదట తెలిసిన క్షణంలో చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, కదిపాక చెప్పాలి. చేతి కండరం మీద పెట్టిన ఎలక్ట్రోడు అసలు కదలిక ఎప్పుడు మొదలైందో చెబుతుంది. ఇలా 40 సార్లు చేయించి, మెదడు తరంగాల సగటు తీస్తారు.

ఫలితాలు: కండరం కదలడానికి సుమారు 550 మిల్లీసెకన్ల ముందు సన్నాహక తరంగం మొదలైంది. కోరిక తెలిసిందని వాళ్లు చెప్పిన క్షణం సుమారు 200 మిల్లీసెకన్ల ముందు. మధ్యలో 350 మిల్లీసెకన్ల ఎడం. మెదడు ముందే మొదలుపెట్టింది, మనసుకు ఆలస్యంగా కబురందింది అని అర్థం చెప్పారు. కొలత నిజమే. అర్థం చెప్పడంలోనే చిక్కులున్నాయి.

మొదటి చిక్కు సగటు తీయడంలో ఉంది. సన్నాహక తరంగం ఎత్తు కొన్ని మైక్రోవోల్టులు. దాన్ని ముంచెత్తే మామూలు మెదడు రొద పదుల మైక్రోవోల్టులు. ఒక్కసారి రికార్డు చేస్తే ఏమీ కనబడదు. అందుకే కదలిక క్షణాన్ని సున్నాగా పెట్టుకుని, అక్కడినుంచి వెనక్కి నడుస్తూ 40 రికార్డులను ఒకదానిమీద ఒకటి పరుస్తారు. కదలిక జరిగిన సందర్భాలు మాత్రమే ఈ లెక్కలోకి వస్తాయి. తరంగం లేచి కూడా కదలిక జరగని సందర్భాలు ఎన్నో ఈ పద్ధతికి తెలిసే వీలే లేదు. సముద్రపు ఒడ్డున ఒక గీత గీసి, దాన్ని దాటిన అలలను మాత్రమే ఏరి, దాటిన క్షణం నుంచి వెనక్కి సగటు తీయండి. ప్రతిసారీ నీరు క్రమంగా పెరుగుతూ వచ్చి గీత దాటినట్టే కనబడుతుంది. సగం దూరం వచ్చి వెనక్కిపోయిన అలలు మీ కాగితం మీద ఉండవు.

2012లో షుర్గర్, సిట్, దెహాన్ సరిగ్గా ఈ సంగతినే లెక్కలతో చూపించారు. మెదడులో ఎప్పుడూ యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గులుంటాయి. ఎప్పుడు కదపాలో చెప్పే కారణమేదీ లేనప్పుడు, ‘ఎప్పుడో ఒకప్పుడు కదుపు’ అన్న సూచన మెదడును గీతకు కాస్త దగ్గరగా తెచ్చి వదిలేస్తుంది. ఆ తర్వాత ఏదో ఒక ఎగుడు ఆ గీతను దాటిస్తుంది. ఇలాంటి యాదృచ్ఛిక లెక్కను కంప్యూటర్లో నడిపి, దాటిన క్షణం నుంచి వెనక్కి సగటు తీస్తే సన్నాహక తరంగం ఆకారమే వచ్చింది. దాన్ని ఇంకో విధంగానూ పరీక్షించారు. ఎదురుచూడని సమయంలో టిక్కుమని చప్పుడు చేసి, వెంటనే బటన్ నొక్కమన్నారు. బాగా వేగంగా నొక్కిన సందర్భాల్లో చప్పుడుకు ముందే అలాంటి జారుడు కనిపించింది. చప్పుడు ఎప్పుడొస్తుందో మెదడుకు తెలియదు కాబట్టి అది నిర్ణయం కాజాలదు. ఆ క్షణంలో అల ఎత్తుగా ఉంది, అంతే. నా దృష్టిలో ఈ వివరణతో లిబెట్ వాదానికి వెన్ను విరిగింది. తరంగం మొదలు ‘నిర్ణయం మొదలు’ కాదు. గీత దాటడమే నిర్ణయమైతే, అది కోరిక తెలిసిన క్షణానికి చాలా దగ్గరగానే జరుగుతుంది.

రెండో చిక్కు గడియారంలో ఉంది. ‘నాకు ఎప్పుడు తెలిసింది’ అన్నది ఆ క్షణంలోనే తీసుకున్న ఫోటో కాదు, తర్వాత కూర్చిన కథ. 2009లో బ్యాంక్స్, ఐషమ్ బటన్ నొక్కాక వచ్చే బీప్ శబ్దాన్ని 5 నుంచి 60 మిల్లీసెకన్ల వరకు ఆలస్యం చేశారు. బీప్ ఆలస్యమైన కొద్దీ, ‘నేను నిర్ణయించుకున్నది అప్పుడు’ అని చెప్పిన క్షణం కూడా ఆలస్యమవుతూ వచ్చింది. అంటే పని అయిపోయాక జరిగినదాన్నిబట్టి నిర్ణయకాలాన్ని మనం ఊహించి చెబుతున్నాం. లిబెట్ తన కొలతలో తప్పును తానే పరీక్షించుకున్నాడు. చర్మానికి చిన్న తాకిడి ఇచ్చి అది ఎప్పుడు తగిలిందో చెప్పమంటే సుమారు 50 మిల్లీసెకన్లు ముందే తగిలినట్టు చెప్పారు. ఇంత ఊగిసలాడే గడియారంతో 350 మిల్లీసెకన్ల ఎడాన్ని కొలిచి, మానవ స్వేచ్ఛ మీద తీర్పు రాయడం సాహసమే.

మూడో చిక్కు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. గడియారం చూసేవాణ్ని అడిగినది ‘కోరిక ఎప్పుడు కలిగింది’ అని. కలిగింది! ఆ మాటే చెబుతోంది అది నా పని కాదని. కోరిక దానంతటది పుడితేనే గుర్తించాలి, ముందు అనుకోకూడదు, కారణం ఉండకూడదు అన్నవే ప్రయోగం షరతులు. చేతిని ఇప్పుడు కదిపినా నాలుగు సెకన్ల తర్వాత కదిపినా ఒరిగేదేమీ లేదు. ఇంకోరకంగా చెప్పాలంటే, తుమ్ము ఎప్పుడొస్తుందో కొలిచే ఏర్పాటు చేసి, అందులో ఆలోచన కనబడలేదని ఆశ్చర్యపడ్డారు. అసలు నిర్ణయం ఆ రోజు వేరే చోట జరిగింది: ప్రయోగానికి రావాలా వద్దా, సూచనలు పాటించాలా వద్దా అన్న దగ్గర. దానిమీద ఎవరూ ఎలక్ట్రోడు పెట్టలేదు.

లెక్కకు వచ్చే నిర్ణయాల మీద ఎలక్ట్రోడు పెడితే ఏమవుతుంది? 2019లో ఊరీ మావోజ్ బృందం ఆ పని చేసింది. రెండు స్వచ్ఛంద సంస్థలు చూపించి, బటన్ నొక్కి ఒకదాన్ని ఎంచుకోమన్నారు. ఒక రకం ప్రశ్నల్లో ఎంచుకున్న సంస్థకు నిజంగా 1000 డాలర్లు వెళ్లవచ్చు. ఇంకో రకంలో ఏది నొక్కినా రెండు సంస్థలకూ చెరి 500 వెళ్తాయి. ఫలితంలో తేడా లేనప్పుడు సన్నాహక తరంగం చక్కగా కనిపించింది. ఫలితం బరువైనదైనప్పుడు అది కనబడలేదు. అదే చెయ్యి, అదే బటన్. కారణం కోసం వెతికే మెదడు గీత దాటే పద్ధతి వేరు అన్నమాట. ఇలాంటి ప్రయోగాలు ఇంకా ఎక్కువమంది మీద, ఇంకా ఎక్కువ రకాల నిర్ణయాల మీద జరగాలి. కానీ లిబెట్ ఫలితాన్ని పెళ్లికీ నేరానికీ ఉద్యోగానికీ అంటగట్టే హక్కు ఎవరికీ లేదని చెప్పడానికి ఇది చాలు.

2008లో హేన్స్ బృందం స్కానర్‌లో చేసిన ప్రయోగం గురించి కూడా ఒక మాట. కుడి బటనా ఎడమ బటనా అన్నది 7 నుంచి 10 సెకన్ల ముందే మెదడు చెప్పేసిందని పత్రికలు రాశాయి. ఆ జోస్యం సరిపోయింది సుమారు 60 శాతం. నాణెం ఎగరేసినా 50 శాతం వస్తుంది. కిందటిసారి ఏది నొక్కావన్న ఛాయ, ఒకవైపు కాస్త మొగ్గు, ఇవి ఉన్నా ఆ పది శాతం వచ్చేస్తుంది. మొగ్గు వేరు, తీర్పు వేరు. 2011లో ఇట్జాక్ ఫ్రీడ్ బృందం మూర్ఛ రోగుల మెదళ్లలో చికిత్సకోసం అమర్చిన సన్నని తీగలతో నేరుగా నాడీకణాలనే విన్నది. 256 కణాల చప్పుడునుబట్టి, కోరిక తెలియడానికి 700 మిల్లీసెకన్ల ముందు 80 శాతానికి పైగా సరిగ్గా ఊహించగలిగింది. ఇది గట్టి ఫలితం, దీన్ని తోసిపుచ్చను. కానీ ఇక్కడా అడిగినది కోరిక కలిగిన క్షణాన్నే, చేయించినది ఫలితం లేని నొక్కుడునే.

ఆపడం

లిబెట్ తన ప్రయోగం స్వేచ్ఛను చంపిందని ఎన్నడూ అనలేదు. కోరిక తెలిశాక మిగిలిన ఆ 100–200 మిల్లీసెకన్లలో దాన్ని ఆపే అధికారం మనకుందన్నాడు. ఆయన పేరు చెప్పి స్వేచ్ఛ లేదనేవాళ్లు ఈ మాట వదిలేస్తారు.

ఆపడాన్ని కొలవవచ్చు. 2016లో బెర్లిన్‌లో షుల్ట్సె-క్రాఫ్ట్ బృందం మనిషికీ కంప్యూటర్‌కీ పోటీ పెట్టింది. ఆకుపచ్చ దీపం వెలిగి ఉన్నప్పుడు కాలితో బటన్ నొక్కితే మనిషికి పాయింటు. మెదడు తరంగాలు చదువుతున్న కంప్యూటర్ సన్నాహక తరంగాన్ని పసిగట్టగానే ఎర్రదీపం వేస్తుంది. అప్పుడు నొక్కితే పాయింటు పోతుంది. తరంగం మొదలైతే కదలిక తప్పదన్నది నిజమైతే మనిషి ప్రతిసారీ ఓడిపోవాలి. అలా జరగలేదు. కదలికకు సుమారు 200 మిల్లీసెకన్ల ముందు వరకు ఎర్రదీపం పడితే ఆపుకోగలిగారు. ఆ తర్వాత పడితే కాలు కదలడం మొదలైంది, కొన్నిసార్లు సగంలో ఆగింది కూడా. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లలో, ‘ఆపు’ అన్న సంకేతం అంది చెయ్యి ఆగడానికి పట్టే కాలం 200 నుంచి 250 మిల్లీసెకన్లని వేరే పరీక్షలు చెబుతున్న లెక్కకూ ఇది సరిపోతుంది. నుదుటి వెనక కుడివైపు దిగువ భాగం, మెదడు లోతుల్లో ఉన్న సబ్‌థాలమిక్ కేంద్రకం ఈ బ్రేకులో ముఖ్యమైన భాగాలు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వచ్చి తీరుతుంది: ఆపాలన్న నిర్ణయానికి కూడా మెదడులో ముందు ఒక కారణం ఉంటుంది కదా? ఉంటుంది. ఉండాలి కూడా. ఏ కారణమూ లేకుండా పడే బ్రేకు నాకు వద్దు, దానివల్ల ప్రమాదమే గాని స్వేచ్ఛ రాదు.

తన భుజం మీద తానెక్కడం

స్వేచ్ఛ లేదనేవాళ్ల అసలు బలం మెదడు తరంగాల్లో లేదు, తర్కంలో ఉంది. 1814లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఊహించిన మేధ సంగతి తెలిసిందే: ప్రతి కణం స్థితీ, ప్రతి బలమూ తెలిసిన బుద్ధికి భవిష్యత్తు గతంలాగే కళ్లముందుంటుంది. 1983లో తత్వవేత్త పీటర్ వాన్ ఇన్‌వాగెన్ దీన్ని పదునైన వాదంగా మలిచాడు. జగత్తు నియతమైతే, అంటే జరిగే ప్రతిదీ ముందటి కారణాలతోనే ఖాయమైపోయేదైతే, నేనీరోజు చేసినది నేను పుట్టకముందటి స్థితికీ ప్రకృతి నియమాలకూ ఫలితం. ఆ స్థితి నా చేతిలో లేదు, ఆ నియమాలు నా చేతిలో లేవు. కాబట్టి ఈరోజు చేసినదీ నా చేతిలో లేదు.

క్వాంటం భౌతికశాస్త్రం దీన్నుంచి తప్పిస్తుందని ఆశపడేవాళ్లున్నారు. అణువుల లోకంలో నిజమైన యాదృచ్ఛికత ఉండవచ్చు, ఒప్పుకుందాం. కానీ నా చెయ్యి ఒక అణువు విచ్ఛిత్తివల్ల లేచిందంటే అది ‘ఊపాను’ అవదు, ‘ఊగింది’ అవుతుంది. పైగా వెచ్చగా తడిగా ఉండే నాడీకణంలో క్వాంటం మేళవింపు (ఒకేసారి పలు స్థితుల్లో ఉండటం) 10⁻¹³ సెకన్లలోపే చెదిరిపోతుందని 2000లో భౌతికశాస్త్రవేత్త మాక్స్ టెగ్‌మార్క్ లెక్కకట్టాడు. నాడీకణం పనిచేసేది మిల్లీసెకన్లలో. ఆ లెక్కను కాదన్నవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లే గెలిచినా మనకు దక్కేది పాచికలే, స్వేచ్ఛ కాదు.

తత్వవేత్త గేలెన్ స్ట్రాసన్ వాదం ఇంకా లోతుకు వెళ్తుంది. నేను చేసేది నా స్వభావాన్నిబట్టి చేస్తాను. దానికి అంతిమ బాధ్యత నాదే కావాలంటే ఆ స్వభావాన్ని నేనే తయారుచేసుకుని ఉండాలి. తయారుచేసుకోవడానికి అంతకుముందే ఒక స్వభావం కావాలి. అది ఎక్కడినుంచి వచ్చింది? ఇలా వెనక్కి పోతూనే ఉంటుంది. సంస్కృత తార్కికులు ఈ చిక్కుకు ముచ్చటైన పోలిక చెప్పారు: ఎంత చక్కగా నేర్చిన దొమ్మరి కుర్రాడైనా తన భుజం మీద తానెక్కలేడు. ఈ వాదానికి నా దగ్గర సమాధానం లేదు, ఉందని నటించను. అంతిమమైన స్వేచ్ఛ అసాధ్యం. పుట్టుక, జన్యువులు, పెంపకం, భాష, ఇవేవీ నేను ఎంచుకున్నవి కావు.

కానీ భుజం మీదికెక్కలేకపోవడం నడవలేకపోవడం కాదు. వాన్ ఇన్‌వాగెన్ వాదంలో ‘వేరేగా చేయగలిగేవాడు కాదు’ అన్న మాటను పట్టి చూడండి. ఒక వాహనం బ్రేకు పనిచేస్తుందో లేదో ఎలా చూస్తాం? ఆగని ఆ ఒక్క క్షణాన్ని, ప్రతి అణువూ అలాగే ఉంచి, మళ్లీ నడిపితే మళ్లీ ఆగదు. ఆ పరీక్షలో మంచి బ్రేకూ చెడ్డ బ్రేకూ ఒకటే. అందుకే అలా ఎవరూ పరీక్షించరు. వేగం మార్చి, బరువు మార్చి, తడి రోడ్డు మీదా పొడి రోడ్డు మీదా తొక్కి చూస్తారు. సామర్థ్యం అనే మాటకు అర్థం అక్కడే ఉంది: పరిస్థితులు కాస్త మారినప్పుడు దానికి తగ్గట్టు ప్రవర్తన మారుతుందా? మనిషి విషయంలో ఆ ‘పరిస్థితుల్లో’ కారణాలు కూడా ఉంటాయి. ఇంకెవరైనా చూస్తున్నారంటే ఆగుతాడా? రేపు దీనివల్ల నష్టమని చెబితే వింటాడా? ఇలా మారగలిగితే బ్రేకు ఉంది. ఏం చెప్పినా, ఎన్ని పరిస్థితులు మార్చినా ఒకే పని జరిగితే బ్రేకు లేదు. ఈ పరీక్షకు జగత్తు నియతమా కాదా అన్నదానితో పని లేదు.

బడిలో కర్త, కర్మ, క్రియ నేర్చుకున్నవాళ్లందరూ పాణినికి ఒక సూత్రం బాకీ ఉన్నారు: ‘స్వతంత్రః కర్తా’. క్రియలో ఎవరు స్వతంత్రులో వారే కర్త. దాని పక్కనే ఇంకో సూత్రం, ‘తత్ప్రయోజకో హేతుశ్చ’. ఆ కర్తను పురికొల్పేవాడు హేతువు, అతడూ కర్తే. వండించేవాడు ఉన్నంతమాత్రాన వండేవాడి కర్తృత్వం పోదు. ఇది వ్యాకరణం, తత్వశాస్త్రం కాదని నాకు తెలుసు. అయినా ‘వెనక కారణం ఉంది కాబట్టి నువ్వు చేయలేదు’ అన్న తొందరపాటు తీర్పును ఆ రెండు సూత్రాలూ ముందే పసిగట్టినట్టు అనిపిస్తుంది. గీత 18వ అధ్యాయంలో పనికి ఐదు కారణాలు చెప్పి, వాటిలో కర్తను ఒకటిగా, దైవాన్ని ఐదోదిగా లెక్కపెట్టడంలోనూ ఇదే తూకం ఉంది. బుద్ధుడి కాలంనాటి మక్ఖలి గోసాలుడిలా అంతా నియతే అన్నవాడూ మన దగ్గర లేకపోలేదు. బుద్ధుడు అతని వాదాన్ని తీవ్రంగా ఖండించాడు. ప్రయత్నం అనే మాటకే అర్థం లేకుండా చేస్తుందన్నది ఆ ఖండనలోని సారం.

చెడినప్పుడు కనిపించేది

సామర్థ్యం అని ఎందుకంటున్నానో అది చెడిన చోట బాగా తెలుస్తుంది. 2003లో వైద్య పత్రికలో వచ్చిన ఒక కేసు: 40 ఏళ్ల ఉపాధ్యాయుడిలో, అంతకుముందు లేని విధంగా, పిల్లల పట్ల లైంగిక వాంఛ మొదలైంది. అది తప్పని అతనికి తెలుసు, తెలిసీ ఆపుకోలేకపోయాడు. కళ్ల పైన, నుదుటి వెనక కుడివైపు కోడిగుడ్డంత కణితి దొరికింది. తీసేశాక వాంఛ పోయింది. కొన్ని నెలలకు మళ్లీ మొదలైంది, స్కాన్ చేస్తే కణితి మళ్లీ పెరిగి ఉంది. మళ్లీ తీశారు, మళ్లీ పోయింది. దీన్ని చూపించి ‘అందరమూ ఇంతే, కొందరి కణితి కనబడుతుంది, కొందరిది కనబడదు’ అనడం మామూలు. నాకు అది తలకిందుల తర్కంగా తోస్తుంది. కణితి తీసినప్పుడు అతనికి తిరిగి వచ్చినదేమిటి? ఆపుకోగలగడం. తిరిగి వచ్చిందంటే, ఉంటుందనే కదా. తప్పొప్పుల తెలివి ఒక భాగం, దాని ప్రకారం నడుచుకోగలగడం ఇంకో భాగం, ఒకటి చెడకుండా రెండోది చెడుతుంది. బాధ్యతను నిర్ణయించేటప్పుడు ‘తప్పని తెలుసా’ అని మాత్రమే అడిగితే ఈ మనిషి దగ్గర తప్పుడు జవాబు వస్తుంది.

ఇంతకంటే తరచుగా ఎదురయ్యేది మందుల సంగతి. పార్కిన్సన్స్ జబ్బుకు ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు మెదడులోని డోపమైన్ అనే రసాయనంలాగా పనిచేస్తాయి. వణుకునూ బిగుసుకుపోవడాన్నీ తగ్గిస్తాయి. కానీ బహుమతి మీద ఆశను నడిపే మెదడు భాగాల్లోని గ్రాహకాలనూ గట్టిగా పట్టుకుంటాయి. ఫలితంగా ఎన్నడూ పేకముక్క పట్టని మనిషి జూదంలో ఆస్తి పోగొట్టుకోవచ్చు, అవసరం లేనివి కొంటూ పోవచ్చు, ఆకలి లేకుండా తినవచ్చు. అమెరికా, కెనడాల్లో 3090 మంది రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఈ రకం మందు వాడేవాళ్లలో 17.1 శాతం మందిలో, వాడనివాళ్లలో 6.9 శాతం మందిలో ఇలాంటి అదుపులేని ప్రవర్తన కనిపించింది. అంటే వాడినవాళ్లలో ఆరుగురిలో ఒకరు. మిగతా ఐదుగురికి ఆ మందే అలాంటిదేమీ చేయలేదు. స్వేచ్ఛకు మోతాదు ఉందనడానికి దీనికన్నా నేరైన ఉదాహరణ నాకు తెలియదు. ఈ మందు మొదలైన ఇంట్లో ఖర్చులూ ప్రవర్తనా గమనించే బాధ్యత రోగి ఒక్కడి మీదే వదలకూడదు. అతని ‘గమనించుకునే’ యంత్రమే దెబ్బతింటోంది కదా. సిగ్గుతో దాచడం సాధారణం కాబట్టి డాక్టరు పేరు పెట్టి అడగాలి: జూదం ఉందా, కొనుగోళ్లు పెరిగాయా, అని. భయపడి మందు ఒక్కసారిగా మానేస్తే ఆందోళన, దిగులు, మందుకోసం తపన ముంచుకొస్తాయి. డాక్టరు చెప్పిన వరసలో మెల్లగా తగ్గించాలి. తగ్గించిన చాలామందిలో ఆ ప్రవర్తన కూడా తగ్గుతుంది.

అలాంటి మనిషిని నిందించాలా? మందు ప్రభావం తెలియకముందు జరిగినదానికి నింద తగదు. తెలిశాక, డాక్టరు హెచ్చరించాక, దాచిపెట్టి కొనసాగిస్తే కొంత తగులుతుంది. ‘కొంత’ అన్న ఈ మాటకు చోటివ్వని సిద్ధాంతాలన్నీ, అటువైపువీ ఇటువైపువీ, నాకు పనికిరానివిగా కనబడతాయి.

స్వేచ్ఛ లేదనే వాదానికి అతి త్వరగా దొరికే సాక్ష్యాల విషయంలో మాత్రం చేతులు కాల్చుకోవద్దు. 2011లో వచ్చిన ఒక అధ్యయనం ఇజ్రాయెల్‌లో 8 మంది జడ్జీల 1112 పెరోల్ తీర్పులు చూసి, భోజన విరామం తర్వాత సుమారు 65 శాతం ఉన్న అనుకూల తీర్పులు తర్వాతి విరామం దగ్గరపడేసరికి దాదాపు సున్నాకు పడిపోతున్నాయంది. ఆకలే తీర్పు చెబుతోందని లోకమంతా పాకింది. కానీ లాయరు లేని ఖైదీల కేసులు విరామానికి ముందు చివర్లో వస్తున్నాయని, అనుకూల తీర్పుకు ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి విరామానికి ముందు అలాంటివి మొదలుపెట్టరని విమర్శకులు చూపించారు. అలాగే, స్వేచ్ఛ లేదని చదివినవాళ్లు ఎక్కువ మోసం చేస్తారన్న 2008 నాటి ఫలితం తర్వాత జరిగిన పెద్ద పరీక్షల్లో నిలబడలేదు. ఇది స్వేచ్ఛను సమర్థించే పక్షానికి హెచ్చరిక: సమాజం చెడిపోతుందన్న భయంతో స్వేచ్ఛను కాపాడనక్కరలేదు.

పెంచడం

సామర్థ్యమే అయితే పెరగాలి కూడా. పెరుగుతుందని చూపించే పద్ధతుల్లో అతి సాదాది, మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధించిన ‘ఇలా అయితే అలా’ ప్రణాళిక. ‘కోపం తగ్గించుకుంటాను’ అనుకోవడం కాదు. ‘అవతలివాడు గొంతు పెంచితే, నేను జవాబుకు ముందు ఒక గుక్క నీళ్లు తాగుతాను’ అని సందర్భాన్నీ పనినీ ముడివేయడం. 2006లో 94 పరీక్షలను కలిపి చూస్తే, దీని ప్రభావం ఇలాంటి పద్ధతుల్లో మధ్యస్థం నుంచి పెద్దదిగా తేలింది. పనిచేయని చోట్ల సాధారణంగా తప్పు ఒకటే: సందర్భం గుర్తుపట్టేంత స్పష్టంగా ఉండదు. ‘కోపం వస్తే’ అని రాసుకుంటే, వచ్చిందని తెలిసేసరికి ఆలస్యమవుతుంది. కంటికో చెవికో తగిలే గుర్తు కావాలి. ‘అరవను’ లాంటి వద్దు-పనులకన్నా ‘తాగుతాను’ లాంటి చేసే పనులు ముడికి బాగా నిలుస్తాయి. ఇక్కడ జరిగేది చూడండి: ఆ క్షణంలో 200 మిల్లీసెకన్ల బ్రేకు మీద ఆధారపడకుండా, గంటల ముందు, తీరిగ్గా ఉన్నప్పుడు, నిర్ణయాన్ని తీసుకుని పెట్టుకోవడం. లిబెట్ గడియారంలో చోటులేని స్వేచ్ఛ ఇది.

టూరెట్ (కదలికలు అదుపు తప్పి పదేపదే వచ్చే నాడీ సమస్య) ఉన్న పిల్లల విషయంలో ఇది ఇంకా స్పష్టం. మెడ విదిలింపో, రెప్పల కొట్టుకోవడమో వచ్చేముందు లోపల ఒక దురదలాంటి ఒత్తిడి లేస్తుంది. పని చేసేస్తే కాసేపు తగ్గుతుంది. వాళ్లను అడిగితే ‘వచ్చింది’ అనీ అంటారు, ‘చేశాను’ అనీ అంటారు. రెండూ నిజమే. శిక్షణలో మొదటి మెట్టు ఆ ఒత్తిడిని దాని మొదటి ఛాయలోనే గుర్తుపట్టడం. రెండోది, దానితో ఏకకాలంలో చేయడం కుదరని ఇంకో పని చేయడం: మెడ విదిలింపుకు గడ్డాన్ని కొద్దిగా కిందికి దించి మెడ కండరాలను మెత్తగా బిగించి ఉంచడం వంటివి, ఒత్తిడి తగ్గేదాకా, కనీసం ఒక నిమిషం. మూడోది, ఏ చోట్ల, ఎవరి ముందు అది పెరుగుతుందో చూసి ఆ పరిస్థితులు మార్చడం. ఇంట్లోవాళ్లు ‘ఆపు’ అని కసిరితే పని చెడుతుంది, గమనిక పెరిగి ఒత్తిడి పెరుగుతుంది. 2010లో 126 మంది పిల్లలమీద పది వారాలపాటు చేసిన పరీక్షలో ఈ శిక్షణ పొందినవాళ్లలో 52.5 శాతం, మామూలు సలహాలు మాత్రమే పొందినవాళ్లలో 18.5 శాతం చెప్పుకోదగ్గ మెరుగు చూపించారు.

ఆ పిల్లవాడు శిక్షణకు రావాలని తానే నిర్ణయించుకోలేదు, ఎవరో తీసుకొచ్చారు. పట్టుదల కూడా కొంత పుట్టుకతో వచ్చినదే, కొంత ఎవరో నేర్పినదే. స్ట్రాసన్ వాదం ఇక్కడా వర్తిస్తుంది, దాన్ని దాటలేం. కానీ పది వారాల తర్వాత మెడలో ఒత్తిడి లేచినప్పుడు గడ్డం దించేది ఆ పిల్లవాడే, తీసుకొచ్చినవాళ్లు కాదు. ఒత్తిడి మాత్రం మునుపటిలాగే దానంతటదే వస్తుంది.